పొగ పోయాక లోపలికి తెచ్చుకోండి

రాక్షసి బొగ్గును చేత్తో పట్టుకున్నవాళ్ళు మీలో ఎందరున్నారో నాకు తెలియదు. గనుల్లోంచి తవ్వి తీసిన నల్లరాయి అది. ఒక పట్టాన రాజుకోదు, రాజుకుందంటే ఒక పట్టాన ఆరదు. ఆ పేరు అందుకే వచ్చిందేమో.

ఫైర్ సర్వీసులో కొత్తగా చేరిన కుర్రాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మీ సర్వీసులో అన్నిటికన్నా పెద్ద ఫైర్ ఏది సార్?" అని అడుగుతారు. రేవులో గోడౌన్లు తగలబడ్డ కథో, ఆయిల్ ట్యాంకర్ బోల్తాపడ్డ కథో చెబుతానని వాళ్ళ ఆశ. అవీ ఉన్నాయి, అడిగితే చెబుతాను. కానీ నన్ను ఇప్పటికీ వదలనిది అసలు మంటే లేని ఒక ఇల్లు. ఆ ఇంట్లో గోడకు మసి అంటలేదు. మేం తీసుకెళ్ళిన హోసు పైపు చుట్ట విప్పనేలేదు. అయినా ఒక మనిషి పోయింది, ఇంకో మనిషి బతుకు పాడైంది. ఆ సంగతి ఇన్నాళ్ళకు రాస్తున్నాను.

నాది గోదావరి జిల్లా. డెబ్బయ్యో దశకం మధ్యలో ఫైర్‌మన్‌గా విశాఖపట్నం వచ్చాను. వచ్చిన కొత్తలో ఇక్కడి మాట నాకు సగమే అర్థమయ్యేది. ఒకసారి నిచ్చెన మీది నుంచి "బేగి తే, బేగి తే" అని కేకేస్తుంటే, బేగి అన్నది ఏదో పనిముట్టు అనుకుని బండంతా వెతికాను. త్వరగా తెమ్మంటున్నారని నాకేం తెలుసు! అలా కేకేసినాయన మా లీడింగ్ ఫైర్‌మన్. ఎలమంచిలి దగ్గర ఒక పల్లెలో రైతు కుటుంబం ఆయనది. ఆయన్ని మేమందరం 'లీడింగ్' అనే పిలిచేవాళ్ళం. ఆయన మాత్రం నన్ను మొదటి రోజు నుంచే 'బావ' అన్నాడు. మా ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. ఇక్కడ బావ అనడానికి చుట్టరికం అక్కర్లేదని తర్వాత తెలిసింది.

ఆ రోజుల్లో రేవు పనివాళ్ళ కోసం రైలు కట్ట అవతల కొత్త క్వార్టర్లు కట్టారు. ముందు చిన్న వసారా, ఒక గది, వెనక చిన్న వంటగది, దానికి ఒక కిటికీ. పైన స్లాబు. పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలకు అది మేడతో సమానం. అక్కడివాళ్ళంతా అప్పటిదాకా పెరట్లో కట్టెల పొయ్యి మీద, తాటాకు పాక కింద వండుకున్నవాళ్ళే. పట్నంలో కట్టెలు కొనబోతే కొరివి, కిరసనాయిలుకు పొద్దంతా క్యూ. రాక్షసి బొగ్గు మాత్రం రేవు పుణ్యమా అని చౌకగా దొరికేది. మార్కెట్ వెనక కమ్మరులు పాత ఇనప బకెట్లకు అడుగున ఊచలు బిగించి, లోపల బంకమట్టి మెత్తి, బొగ్గు పొయ్యిలు చేసి అమ్మేవారు. ఒక ఇంటి వాళ్ళు కొంటే పక్కింటి వాళ్ళూ కొన్నారు. చూస్తుండగానే ప్రతి వసారాలోనూ ఒక బకెట్టు పొయ్యి వెలిసింది.

దాంతో మాకు పనీ వెలిసింది. ఒకావిడ రాజుకోని బొగ్గు మీద కిరసనాయిలు డబ్బా వంచింది, చేతులు కాలాయి. ఇంకొకరు నిప్పు చావని బుగ్గిని తెచ్చి చెత్తకుప్ప మీద పోశారు, పక్కనున్న సైకిలు షెడ్డు అంటుకుంది. ఇలా కాదని, ఆదివారాలు ఆ కాలనీకి వెళ్ళి ఆడవాళ్ళకు బొగ్గు పొయ్యి జాగ్రత్తలు చెప్పి రమ్మని మా ఆఫీసరు పురమాయించాడు. చెప్పే పని లీడింగ్‌ది. బకెట్లు, తడి గోనెలు మోసే పని నాది.

లీడింగ్ నోరు విప్పితే సినిమా హాలే. కుర్చీ మీద కూర్చోవడం ఆయనకు పడదు. కొంగు చుట్టుకున్నట్టు భుజాన తువ్వాలు వేసుకుని, ఆడమనిషిలా పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, "ఓలమ్మ, ఇది రాజుకోదేటే" అని ఉత్తుత్తి కిరసనాయిలు ఒంపేవాడు. ఆ వెంటనే "అమ్మో అమ్మో" అని లేచి గంతులేసేవాడు. ఆడవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వేవారు. నవ్వు సద్దుమణిగాక అసలు సంగతులు చెప్పేవాడు. కొంగు నడుముకు చుట్టి దోపుకోండి. బుగ్గి పారబోసే ముందు నీళ్ళు చల్లండి. పొయ్యి ఆరుబయట అంటించండి, పొగంతా పోయాక లోపలికి తెచ్చుకోండి. కిటికీ తీసి ఉంచుకోమన్న మాటా చెప్పేవాడు. కానీ అది ఆఖరున వచ్చే మాట. అప్పటికి పిల్లలు ఏడుస్తుండేవారు, తల్లులు లేచి చాపలు దులుపుతుండేవారు.

ఆ ఆదివారాల్లో ముందు వరసలో ఎప్పుడూ ఒక ఇల్లాలు కూర్చునేది. రేవులో కలాసీ భార్య. ఒళ్ళో మూడేళ్ళ కూతురు, పక్కన అత్తగారు. కొత్త పొయ్యి కొన్న సంబరం ఆమె ముఖంలో తెలిసిపోయేది. ఏది చెప్పినా మళ్ళీ అడిగి తెలుసుకునేది.

"పొగ పోయిందని ఎలగ తెలుస్తాది బాబూ?" అని ఒక రోజు అడిగింది.

"నిప్పు కణకణలాడతాదమ్మా. పొగ సుక్కైనా కనబడదు. అప్పుడు మీ అత్త మంచం పక్కన ఎట్టినా బయ్యం నేదు," అన్నాడు లీడింగ్.

అందరూ ఘొల్లుమన్నారు. అత్తగారు కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

మా మాటలు ముగిసే వేళకు జాలరిపేట నుంచి చేపలామె వచ్చేది. నడివయసు దాటిన మనిషి. నెత్తిన గంప, నోట్లో నిప్పు లోపలికి పెట్టుకున్న అడ్డపొగ చుట్ట. కాలనీలో అందరూ ఆమెను 'అప్ప' అనేవారు. చాలామందికి, క్వార్టర్లకు రాక ముందు తాము పాత పేట పాకల్లో ఉన్నప్పటి నుంచీ ఆమె వాడుక. "ఎర్రబండోల్లు వచ్చినారంటే నా సేపలు ఎవులూ సూడరు," అని మమ్మల్ని వేళాకోళం చేసేది. ఆమె గొంతు వినగానే కలాసీ కూతురు తల్లి ఒళ్ళోంచి జారి పరిగెత్తేది. తల్లి లేచి వెళ్ళి గంప దించడానికి ఒక చెయ్యి వేసేది. ఆ పిల్లకు ఇంకా ముళ్ళు తీసుకోవడం రాదని, చేప పెట్టొద్దని అప్పే చెప్పేది. పిల్ల చేతిలో ఏదో ఒక గవ్వ పెట్టి సముదాయించేది.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది.

ఆ ఏడు వానాకాలం చివర వాయుగుండం పట్టింది. రేవులో ప్రమాద సూచిక ఎగరేశారు. పడవలు ఒడ్డునే బోర్లించి ఉన్నాయి. యారాడ కొండ వానలో కనిపించడం మానేసింది. మేం పొద్దుటి నుంచీ విరిగిపడ్డ చెట్లు కోస్తూనే ఉన్నాం. మధ్యాహ్నం దాటాక, తడిసి ముద్దైన ఒక మనిషి రైలు కట్ట దాటి పరిగెత్తుకుంటూ స్టేషన్లోకి వచ్చాడు. ఆ కలాసీయే. పొద్దుటి షిఫ్టు దిగి ఇంటికి వెళ్ళాడట.

"తలుపు తీట్నేదు సార్! ఎంత కొట్టినా పలకట్నేదు! లోపల ముగ్గురూ ఉన్నారు!"

బండి తీశాం. మేం చేరేసరికి పక్కింటివాళ్ళు గడియ విరగ్గొట్టి, గుమ్మంలో నిలబడి అరుస్తున్నారు. ఎవరూ లోపలికి అడుగుపెట్టలేదు. లీడింగ్ వెనకే నేను వెళ్ళాను. బయట అంత ఈదురుగాలి, లోపల వెచ్చగా, పొడిగా ఉంది. నెత్తళ్ళ చేపల పులుసు వాసన. గది మధ్య బకెట్టు పొయ్యి. అందులో నిప్పు కణకణలాడుతోంది. పొగ చుక్కైనా లేదు.

ఆ ఇల్లాలు గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. ముఖం ఎర్రగా, నిగనిగలాడుతూ, ఎండలో నడిచి వచ్చి కాస్త కునుకు తీసినట్టుంది. అత్తగారు మంచం మీద వాంతి చేసుకుని పడి ఉంది. పిల్ల మాత్రం వీధి తలుపు వారన చాప మీద ఉంది. తలుపు మూసి ఉన్నా, కింది సందులోంచి గాలి రివ్వుమని తగిలే చోటది.

"బయటికి! అందర్నీ బయటికి లాగీండి! బేగి!" అని లీడింగ్ అరిచాడు.

పిల్లను నేనెత్తాను. వానలోకి తేగానే అది కళ్ళు తెరిచి ఏడ్చింది. లీడింగ్ వంటగది కిటికీలో కుక్కిన గోనెసంచి పీకి అవతల పారేశాడు. పొయ్యిని తడి గోనెతో పట్టుకుని వసారాలోకి విసిరాడు. అత్తగారికి ఊపిరి ఆడుతోంది. కోడలికి ఆడడం లేదు. వానలోనే పడుకోబెట్టి చాలాసేపు ప్రయత్నం చేశాం. మా బండిలోనే ముగ్గుర్నీ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ డాక్టరు ఆ ఇల్లాలి కనురెప్ప ఎత్తి చూసి దించేశాడు.

ఆ గదిలో ఉన్న కాసేపటికే నాకు తల దిమ్మెక్కింది. అప్పుడర్థమైంది. పొగ పోయినా బొగ్గు నుంచి ఇంకొకటి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కిటికీ తెరిచి ఉంటే వెళ్ళిపోతుంది. మూసి ఉంటే మనిషి నెత్తుట్లో చేరుతుంది. ట్రైనింగులో ఆ పాఠం మాకు చెప్పారు. ఓడ అడుగున దిగేటప్పుడు, పాడుబావిలో దిగేటప్పుడు అని చెప్పారు. ఆడవాళ్ళ వంటింట్లో అని ఎవరూ చెప్పలేదు.

ఆసుపత్రి వరండాలోనే లీడింగ్ కలాసీ భుజం పట్టుకుని, "బొగ్గు గాలి తగిలీసింది తమ్ముడూ," అన్నాడు.

కలాసీ ఆయన చెయ్యి విదిలించుకున్నాడు. "పొగ పోయాకే లోపలికి తెచ్చినాం సార్. మీరు సెప్పినట్టే సేసినాం. ఇంక బొగ్గు తప్పేటి?"

పదిమందిని నవ్వించే మనిషి గోడవైపు తిరిగి నిలబడడం నేను చూసింది అప్పుడే.

కాలనీ మాత్రం తన తీర్పు తాను చెప్పుకుంది. ఇంట్లో చేపల వాసన వచ్చింది. ముసలావిడ వాంతి చేసుకుంది. చేప తిన్న ఇద్దరిలో ఒకరు పోయారు, ఒకరు చావుబతుకుల్లో ఉన్నారు. పాలన్నం తిన్న పిల్ల బతికింది. ఇంతకన్నా రుజువేం కావాలి? వాయుగుండానికి పడవలు వెళ్ళలేదు కదా, అప్ప పాత సరుకేదో అంటగట్టిందన్నారు. తెలివి వచ్చాక అత్తగారిని అడిగితే ఆమెకు ఆ రోజు సంగతులేవీ గుర్తులేవు. "నెత్తల్లు తిన్నాం... తల తిరిగింది..." అని మాత్రం గొణిగింది. ఆ రెండు ముక్కలూ చాలాయి.

మర్నాడు వాన తెరిపిచ్చింది. ఏ సంగతీ తెలియని అప్ప ఎప్పటిలాగే గంప నెత్తిన పెట్టుకుని వీధి మలుపులో కేక వేసింది. ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు, విన్నాను. గంప లాగేశారు. ఎండు చేపల్ని బురదలో తొక్కారు. జుట్టు పట్టుకుని వీధి పొడుగునా ఈడ్చారు. కొట్టినవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువట. ఆమె ఏం జరిగిందో అర్థంకాక, "ఏటయ్యిందమ్మా? నా తల్లికి ఏటయ్యింది?" అని పోయినావిడ గురించే అడుగుతూ ఉందట. ఆఖరికి పోలీసులు వచ్చి తీసుకెళ్ళారు.

లీడింగ్, నేనూ పోలీసు స్టేషన్‌కు పరిగెత్తాం. ఎస్సై మంచివాడే. అయినా, "మీరు చెప్పారని వదలలేను, డాక్టరు మాట రానీండి," అన్నాడు. అప్ప బల్ల మీద కూర్చుని ఉంది. పెదవి చిట్లింది. మమ్మల్ని చూసి ఏడవలేదు. "గుంట బతికిందా బాబూ?" అని అడిగింది. పిల్ల బతికిందని చెబితే కళ్ళు మూసుకుంది.

డాక్టరు మాట వచ్చింది. బొగ్గు గాలే అని తేలింది. ఎస్సై ఆమెను పిలిచి, "ఇంక వెళ్ళిపోమ్మా," అన్నాడు. అంతే. ఆమె వెళ్ళిపోయింది. ఈడ్చుకొచ్చినప్పుడు కాలనీ అంతా చూసింది. వదిలేసినప్పుడు చూసినవాళ్ళు లేరు.

లీడింగ్‌కు అన్నం సయించేది కాదు. ఒక రోజు బండి తుడుస్తూ తుడుస్తూ ఆగి, "బావా, కనబడనిదాన్ని సూపించాల," అన్నాడు.

"ఎలా చూపిస్తావయ్యా?"

"కోడిని కొన్నాను."

పిచ్చి పట్టిందనుకున్నాను. ఆఫీసరు కూడా అలాగే అనుకుని, ఇలాంటివి మన డ్యూటీలో లేవన్నాడు. (తర్వాత అదే ఆఫీసరు ఫోటోగ్రాఫరును వెంటబెట్టుకుని వచ్చి ముందు నిలబడ్డాడు. అది వేరే సంగతి.) మరుసటి ఆదివారం కాలనీలో ఖాళీగా ఉన్న ఒక క్వార్టరు తాళం తీయించాం. ఆరుబయట పొయ్యి అంటించి, పొగంతా పోయేదాకా అందరి ముందూ కూర్చున్నాం. ఈసారి లీడింగ్ తువ్వాలు భుజాన వేసుకోలేదు, ఎవర్నీ నవ్వించలేదు. నిప్పు కణకణలాడాక, "ఎవులైనా పొగుందేమో సూడండి," అన్నాడు. ఆడవాళ్ళు వంగి చూశారు. లేదన్నారు. పొయ్యిని వంటగదిలో పెట్టి, దానికి దూరంగా గంప కింద కోడిని పెట్టాడు. తలుపు మూసి సందులన్నీ గుడ్డలతో కుక్కించాడు. కిటికీ అద్దంలోంచి చూడమన్నాడు.

ముందు కోడి తిరిగింది. నేల గీరింది. జనం విసుక్కున్నారు. "ఏటవుతాది, ఏటీ అవదు," అని ఎవరో వెళ్ళిపోబోయారు. కాసేపటికి కోడి కూర్చుంది. తల ఎత్తింది, వాల్చింది. మళ్ళీ ఎత్తబోయింది. ఒక పక్కకు ఒరిగిపోయింది. అంతే. అరవలేదు, కొట్టుకోలేదు.

కిటికీ దగ్గర ఉన్న ఒక ముసలావిడ వెనక్కి తగ్గి, "పొగ నేదు, మంట నేదు. ఎలగ సచ్చింది?" అంది.

"సేప మాత్రం తిన్నేదమ్మా," అన్నాడు లీడింగ్.

ఆ మాటకు ఎవరూ తలెత్తలేదు. జుట్టు పట్టుకుని ఈడ్చిన చేతులు చాలానే ఉన్నాయి అక్కడ. కలాసీ మాత్రం కిటికీ దగ్గరికి రాలేదు. పిల్లను చంకనేసుకుని, వీధి చివర కొళాయి గట్టు మీద వీపు తిప్పి కూర్చున్నాడు. భార్య పోయిన దుఃఖం చూడనివ్వలేదనుకున్నాం.

ఆ రోజు నుంచి కాలనీలో వంటింటి కిటికీలు మూసుకోలేదు. వానొస్తే పొయ్యి వసారాలోనే ఉండేది. మా పని అయినట్టే. కానీ లీడింగ్‌కు కాలేదు. ఆ సాయంత్రమే నన్ను వెంటబెట్టుకుని జాలరిపేట వెళ్ళాడు. అప్ప గుడిసె ముందు పాత వల పరిచి ముడులు విప్పుతోంది. మేం జరిగిందంతా చెప్పాం. కాలనీ మొత్తానికి నిజం తెలిసిందని, మళ్ళీ రమ్మని, మేం పక్కనే నిలబడతామని చెప్పాం.

ఆమె అంతా విని చుట్ట ఆర్పింది. "తెలిసింది గదా, సంతోసం. కానీ నాను రాను బాబూ."

"ఇంకెవులూ నిన్ను ఏటీ అనరప్పా," అన్నాడు లీడింగ్.

"అనరు. నాకూ తెలుసు. ఎరగనోల్లు కొడితే మర్సిపోదును. ఆల్లు నా సేతి సేపలు తిని పిల్లల్ని కన్నోల్లు. పురుడొస్తే పాలు పడతాయని సొరసేప ఏరి అట్టుకెల్లి ఇచ్చినాను. ఒక్కలైనా ఆగండే అనీసి అన్నేదు." వల పక్కకు నెట్టింది. "మళ్ళీ ఆ యీదిలోకి ఎల్తే, ఎవులి మొకం సూసినా ఆ పొద్దే అగుపిస్తాది. ఏపారం ఎలగ సేస్తాను?"

లీడింగ్ ఇసుకలో కూర్చుండిపోయాడు. "ఆ మాట నాది అప్పా. పొగ పోయాక బయ్యం నేదన్న మాట."

"నువ్వు కావాలని అన్నావేటి?" అంది ఆమె. మేం లేచి వచ్చేటప్పుడు, ఆ గుంటకు ముల్లు తీసుకోవడం ఎవరైనా నేర్పమని చెప్పింది.

కాలనీ నుంచి ఒక్కరైనా ఆమె దగ్గరికి వెళ్ళలేదు. సిగ్గు అడ్డం వచ్చిందో, ఎవరో ఒకరు వెళ్ళకపోతారా అనుకున్నారో. తర్వాత ఆ వీధికి ఇంకొకామె చేపలు తెచ్చేది. లీడింగ్ రిటైరై ఊరు వెళ్ళిపోయాడు. పెన్షన్ పనుల మీద వచ్చినప్పుడు స్టేషన్‌కు వచ్చి టీ తాగేవాడు. నవ్వేవాడు గాని, ఎవరినీ నవ్వించేవాడు కాదు. "ఆ అత్త మంచం మాట నా నోటంట రాకపోతే బాగున్ను బావా," అన్నాడొకసారి. ఆ తర్వాత కొంతకాలానికి ఆయనా పోయాడు.

ఎనభయ్యో దశకం చివరికి వద్దాం. అప్పటికి నేనే లీడింగ్ ఫైర్‌మన్‌ని. ఊరికి ఆ చివర స్టీలు ప్లాంటు లేచింది, ఇళ్ళలోకి గ్యాసు వచ్చింది. బడుల్లో పిల్లలకు సిలిండరు జాగ్రత్తలు చెప్పి వచ్చేవాళ్ళం. ఒక హైస్కూల్లో చెప్పడం అయ్యాక, ఒక ఆడపిల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. వోణీ వేసుకునే ఈడు. నా టోపీ వంక చూస్తూ, "సార్, సిన్నప్పుడు నన్ను ఎర్రబండోల్లే ఎత్తుకెల్లి బతికించారంట," అంది. ఏ కాలనీ అని అడిగాను. చెప్పింది.

"మీ నాన్న బాగున్నాడామ్మా?"

"ఉన్నాడు సార్. మా అమ్మే సేపలు తిని సచ్చిపోనాది. అందుకే మా ఇంట్లో సేపలొండరు. ఎవులో మోసం సేసి కుళ్ళిన సేపలు అమ్మీసిందంట."

ఊరంతటికీ తెలిసిన నిజం ఆ ఒక్క పిల్లకు తెలియదు. అప్పను ఈడ్చిన సిగ్గుతో కాలనీలోనూ ఎవరూ దాని దగ్గర ఆ ఊసెత్తి ఉండరు. అక్కడికక్కడే చెప్పాలనిపించింది. కానీ పక్కన తోటి పిల్లలున్నారు. తండ్రి ఉండగా అది నేను చెప్పే మాట కాదనిపించింది. సెలవు రోజు చూసి ముందు జాలరిపేట వెళ్ళాను. ఎందుకో అప్పను ఒకసారి చూడాలనిపించింది. ఆ గుడిసె స్థానంలో రేకుల ఇల్లుంది. ఆమె కూతురు నన్ను పోల్చుకోలేదు. కిందటి వానాకాలమే పోయిందని చెప్పింది. ఆఖరిదాకా ఒడ్డునే కూర్చుని అమ్మిందట. గంప ఎత్తుకుని వీధుల్లోకి మాత్రం వెళ్ళలేదట.

అక్కణ్ణుంచి కలాసీ ఇంటికి వెళ్ళాను. జుట్టు నెరిసింది. తల్లి కూడా పోయింది. తండ్రీ కూతుళ్ళిద్దరే. పిల్ల నీళ్ళకు వెళ్ళింది. నేను వచ్చిన పని చెప్పాను. 

"కోడి సచ్చిన రోజున నాను ఎందుకు రాలేదో మీకు తెలుసా సార్?" అన్నాడు.

"బాధ కొద్దీ అనుకున్నాం."

"నాకు ముందే తెలుసు. ఆసుపత్రిలో మీ లీడింగ్ సెప్పినప్పుడే తెలిసిపోయింది. ఆ పొద్దు డూటీకి ఎల్తా ఎల్తా కిటికీలో గోనె కుక్కింది నాను. మా ఆడది వద్దంది. గాలాడదు, తీసి ఉంచీ అంది. పిల్లకి జలుబుసేసింది, ముయ్యాలని నానే కసురుకున్నాను. పొయ్యి లోపలికి తెచ్చి ఎట్టింది నానే." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "సేపలని అనుకుంటే నిద్రొచ్చేది సార్. ఈదంతా అదే అంటంటే నానూ అనీసినాను. తరవాత పిల్ల అడిగింది. అదే సెప్పీసినాను. ఒకసారి సెప్పినాక ఎనక్కి ఎలగ తీసుకుంటాను?"

ఆ మనిషిని తిట్టడానికి నోరు రాలేదు. వాననీళ్ళు కొడుతుంటే కిటికీ మూసిన మనిషి అతను. పిల్లకు జలుబని మూశాడు. ఆ రోజు కాలనీలో సగం కిటికీలు అలాగే ఉన్నాయి. పొయ్యి పెట్టుకునే చోటే తేడా.

"పిల్లకు చెప్పు," అన్నాను. "వేరే ఎవరి నోటో విననివ్వకు."

"మీరు పక్కనుంటారా?" అన్నాడు. ఉంటానన్నాను. అప్ప పోయిన సంగతి అప్పుడు అతనికి చెప్పలేదు. ముందు తన బరువు దించుకోనీ, ఆ తర్వాత చెబుదామనుకున్నాను.

పిల్ల బిందె దించి వచ్చి గుమ్మంలో కూర్చుంది. అతను చెప్పాడు. మధ్యలో రెండుసార్లు ఆగిపోయాడు గాని, ఏదీ దాచలేదు. వాన, గోనెసంచి, భార్య వద్దన్న మాట, తాను కసురుకున్న మాట, పొయ్యి, వీధిలో అప్పను ఈడ్చిన సంగతి, తాను వసారాలో నిలబడి చూసి ఆపని సంగతి, అన్నీ చెప్పాడు. నేను పిల్ల ముఖమే చూస్తున్నాను. తండ్రిని ఏమంటుందోనని భయపడ్డాను. లేచి లోపలికి పోతుందనుకున్నాను. అది కదల్లేదు. వోణీ అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది. చివరికి కన్నీళ్ళు తుడుచుకుని తండ్రి దగ్గరికి జరిగింది.

"అమ్మ గురించి తరవాత ఏడుద్దాం నాన్నా," అంది. "ఆ సేపలామెకి సెప్పినావా ఇది?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"మరి ఎల్దాం పద. జాలరిపేట ఎంత దూరం? సారూ వస్తారు."

తండ్రి ఒక్క క్షణం తటపటాయించి, లేచి కొక్కేనికి ఉన్న చొక్కా తీసుకున్నాడు. పిల్ల అప్పటికే చెప్పులు వేసుకుని వీధిలో నిలబడి, రమ్మని మా ఇద్దరి వైపూ చూస్తోంది. ఇక చెప్పక తప్పని మాట నా దగ్గర ఒకటుంది. దాన్ని పట్టుకుని నేను వసారా మెట్టు మీదే నిలబడిపోయాను.